కాపలా తీసేసిన శుక్రవారం

పోయిన వారం మనం శ్రీలేఖను ఉమ్‌హ్లాలి ఆఫీసులో కంప్యూటరు ముందు, తల రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నదాన్ని అలాగే వదిలేసి వచ్చాం. తెర మీద ప్రోగ్రాములోని ఒకే ఒక్క వరుస. ఎవరో దొంగచాటుగా వచ్చి రాసింది కాదు. ఆమె స్వయంగా, ఆగస్టు నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, సోమవారం తీసేద్దామనుకుని రాసిన వరుస. ఇప్పుడు నవంబరు.

ఈ వారమే మనతో చేరినవాళ్ళు కూడా ఉంటారు కనుక నాలుగు మాటలు. పాత తెల్లవాళ్ళ ప్రభుత్వం ఒంటి రంగు చూసి లాక్కున్న భూముల్ని తిరిగి అడగటానికి ఈ డిసెంబరు ముప్పై ఒకటి ఆఖరి రోజు. డర్బన్‌కు దగ్గర్లోని ఉమ్‌హ్లాలిలో ఒక చిన్న సహాయ సంస్థ చుట్టుపక్కల కుటుంబాల వాంగ్మూలాలన్నీ టైపు చేయించి, ఎవరో దానమిచ్చిన ఒక పాత కంప్యూటర్లో దాచింది. ఆరు ఊళ్ళ లైబ్రరీల్లో ఆరు తెరలు. ఎవరి నంబరు వాళ్ళు కొడితే, ఫోను తీగ మీదుగా ఎవరి పేజీ వాళ్ళకు వస్తుంది. అడిగిన పేజీని తెచ్చి అందించే ఆ ప్రోగ్రామును వెబ్ సర్వర్ అంటారు. అది శ్రీలేఖ రాసింది. ముసలి కంప్యూటరు మీద కూడా కుర్రదానిలా పరిగెత్తేటంత తేలిగ్గా రాసింది. రాసిన భాష పేరు ఎడా. విమానాలకూ రైలు సిగ్నళ్ళకూ వాడే భాష. ఒకరి చోటులోకి ఇంకొకరి చెయ్యి పోనివ్వదని దానికి పేరు.

అయినా పోయింది. మూడు వారాల కింద కోలిన్ అనే అతను తన పేజీ అచ్చు తీసుకుంటే, దాని తోకలో అతని మేనత్త ఎల్సీ ముప్పై ఏళ్ళు కడుపులో దాచుకున్న రహస్యం వచ్చింది. అతను దాన్ని చర్చి హాల్లో పదకొండు ఇళ్ళవాళ్ళ ముందు చదివేశాడు. ఆ వాంగ్మూలం టైపు చేసింది సంస్థలో టైపిస్టు, ఎల్సీ కోడలు డేజీ ఒక్కతే. కంప్యూటరు తప్పేమో అని ఎవరో అంటే, శ్రీలేఖ పనిచేసే కంపెనీ యజమాని వేణుగోపాలరావు సంతకంతో సంస్థకు ఉత్తరం వెళ్ళింది, దాన్నీ అదే హాల్లో చదివారు: ‘ఈ భాషలో అటువంటి తప్పు జరగటం అసాధ్యం. ఇది మనిషి పని.’ ఆ రెండు వాక్యాలూ శ్రీలేఖవే. డేజీ ఉద్యోగం పోయింది. దాంతోపాటు అత్తగారింట్లో చోటూ పోయింది.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు శ్రీలేఖ డార్నల్‌లో బస్సు దిగింది.

చెరకు తోటలు తగలబెట్టే కాలం. మిల్లు పొగలో బెల్లం పాకం మాడిన వాసన. గాలిలో నల్లటి మసి రేకులు తేలుతూ వచ్చి ఎవరి వాకిట్లో పడితే వాళ్ళ వాకిట్లో వాలుతున్నాయి. ఎల్సీ పెరట్లో ఆరేసిన దుప్పట్లను ఆదరాబాదరా తీగ మీంచి లాగుతోంది. యాభై ఏళ్ళ మనిషి. నోట్లో రెండు బట్టల క్లిప్పులు. గేటు చప్పుడుకు తల తిప్పి చూసి, క్లిప్పులు తీసి ఆప్రాన్ జేబులో వేసుకుంది.

“గుడ్ మార్నింగ్, మిస్ శ్రీలేఖ. లోపలికి రండి,” అంది ఇంగ్లీషులో.

శ్రీలేఖ కాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయాయి.

ఎల్సీ ఇంట్లో మూడు తరాలుగా మిగిలిన తెలుగు గుప్పెడే. అందులో సగం తిండి పేర్లు, పావు వంతు వరసలు, మిగతాదంతా తిట్లు. మొదటిసారి ఆఫీసులో కలిసినప్పుడు, “నువ్వు ఆంధ్రా పిల్లవా? అయితే ఆంటీ అనబోకు. నన్ను అత్త అనే మనిషి ఈ ఊళ్ళో లేదు. కోడలేమో ‘మా’ అంటది, గొర్రె మాదిరి,” అని నవ్వింది. ఆ రోజు నుంచి శ్రీలేఖకు ఆమె అత్త, ఆమెకు ఈమె మొద్దు పిల్ల. కంప్యూటరు ముందు కూర్చుని తిండి మానేసే మొద్దు పిల్ల. కావలి నుంచి ఇంత దూరం వచ్చాక తనను మొద్దూ అని తిట్టే మనిషి దొరికిందని శ్రీలేఖ ఇంటికి ఉత్తరం కూడా రాసింది.

ఆ ఉత్తరం తరువాత ఇద్దరూ కలవడం ఇదే మొదటిసారి; దాన్ని రాసిందెవరో ఎల్సీకి తెలుసు. ఇవాళ మిస్ శ్రీలేఖ. లోపలికి రండి.

“అత్తా, నేను…”

“టీ తీసుకుంటారా?”

దుప్పట్లు చంకన పెట్టుకుని ఎల్సీ లోపలికి నడిచింది. వంటింట్లో రేడియో మెల్లగా మోగుతోంది. పాత ప్రభుత్వపు నేరాల మీద సత్య విచారణ కమిషన్ ఇచ్చిన నివేదిక గురించి ఎవరో పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. ఎల్సీ రేడియో కట్టేసి కెటిల్ పెట్టింది.

“రోజూ ఇదే,” అంది వీపు ఇటు పెట్టే. “టీవీలో చూస్తున్నారుగా. చంపినవాళ్ళు వస్తారు, ఏడుస్తారు, సారీ అంటారు. టీ తాగి ఇళ్ళకు పోతారు. చచ్చినవాడు చచ్చినట్టే ఉంటాడు. చక్కెర ఎంత?”

“వద్దు.”

“చక్కెర వద్దా, టీ వద్దా?”

“అత్తా, డేజీ ఎవరికీ చెప్పలేదు.”

ఎల్సీ చెంచా పట్టుకున్న చెయ్యి ఆగింది.

శ్రీలేఖ బస్సులో గంటసేపు వరస పెట్టుకున్న మాటలేవీ నోటికి రాలేదు. చిన్నప్పటి నుంచి ఆమెకు ఒక అలవాటు. తప్పు చేస్తే ముందు కారణాలు చెప్పుకుని, తరువాత తప్పు చెప్పేది. ఇంట్లో మొదట డిగ్రీ చదివిన పిల్ల కనుక కారణాలు బాగా చెప్పేది, అందరూ వినేవాళ్ళు. ఇవాళ ఆ వరస తలకిందులైంది.

“తప్పు నాది. మిషన్‌ది కూడా కాదు, నాదే. మీ వాంగ్మూలం కోలిన్ కాగితంలోకి పంపింది నేను రాసిన ప్రోగ్రాము. నిన్న మధ్యాహ్నం కనుక్కున్నాను.”

ఎల్సీ తిరిగి చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఏమీ లేదు. అది ఇంకా కష్టం.

“మీ భాషలో అది అసాధ్యం అన్నారు కదా. నాకు ఉత్తరం చదివి వినిపించారు. మనిషి పని అని ఉంది.”

“మనిషి పనే. ఆ మనిషిని నేనే.”

“నాకు అర్థమయ్యేట్టు చెప్పండి.”

శ్రీలేఖ టేబులు అంచు పట్టుకుంది. “మీ పోస్టాఫీసులో గోడకు వరసగా పెట్టెలు ఉంటాయి కదా అత్తా, ఇంటికొకటి. ఒక మనిషి లోపల నిలబడి, ప్రతి ఉత్తరం తీసేటప్పుడు పెట్టె నంబరు చూసి, ఇది నీదేనా అని సరిచూసి ఇస్తాడనుకోండి. నేను వాడిన భాషలో ఆ కాపలా మనిషి పుట్టుకతోనే ఉంటాడు. నీ పెట్టెలో ఉత్తరాలు అయిపోయాక ఇంకా చెయ్యి చాస్తే పట్టుకుంటాడు. పని మొత్తం ఆపేస్తాడు గానీ పక్క పెట్టె ముట్టుకోనివ్వడు.”

“మరి?”

“ప్రతిసారీ చూడాలి కదా. కాస్త ఆలస్యం. ఆగస్టులో డబ్బిచ్చే సంస్థవాళ్ళు చూడటానికి వచ్చారు. జోహానెస్‌బర్గ్ నుంచి ఇంకో కంపెనీ కూడా వచ్చింది, పెద్ద పెద్ద మిషన్లతో. ఎవరి పేజీ ముందు వస్తుందా అని చేతిగడియారం పెట్టి చూస్తామన్నారు. మా సార్ నా వంక చూశాడు. ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను…” టేబులు అంచును గోటితో గీరింది. “ఒక్క వరుస రాసి కాపలా మనిషిని ఇంటికి పంపేశాను.”

“గెలిచారా?”

“గెలిచాం. వాళ్ళ పేజీ సగం వచ్చేసరికి మాది మొత్తం వచ్చేసింది. చప్పట్లు కొట్టారు.”

కెటిల్ కూత పెట్టింది. ఎల్సీ కదలలేదు.

“మర్చిపోయారా మళ్ళీ పెట్టడం?”

ఇదే ఆ ప్రశ్న. రాత్రంతా శ్రీలేఖ ఈ ప్రశ్నకు ‘అవును’ అని జవాబు సిద్ధం చేసుకుంది. మరిచిపోవడం ఎంత చిన్న తప్పు! ఎవరైనా మరిచిపోతారు.

“లేదు,” అంది. “సోమవారం గుర్తుంది. ఫైలు తెరిచాను కూడా. సార్ వచ్చి భుజం తట్టి, ఇంత వేగం ఎలా తెచ్చావమ్మా అన్నాడు. మూసేశాను. నేను రాసిన దాంట్లో తప్పు ఉండదులే, కాపలా ఎందుకు అనుకున్నాను. తరువాత కోలిన్ పేజీలో పాత అడ్రసులన్నీ కొట్టేసి పేజీని చిన్నది చేశారు. అక్కడ నా లెక్క తప్పింది. పేజీ చిన్నదైనా పాత పొడుగే చదివింది నా ప్రోగ్రాము. అతని పెట్టె అయిపోయాక చెయ్యి పక్క పెట్టెలోకి వెళ్ళింది. ఆ పొద్దున మీరు ఇక్కడి లైబ్రరీలో మీ పేజీ చూసుకున్నారు. పక్క పెట్టెలో ఉన్నది మీది.”

ఎల్సీ కెటిల్ ఆపింది. ఆపి, దాని పక్కనే నిలబడి, ఆప్రాన్ కొసను వేళ్ళ మధ్య నలపసాగింది.

ఆమె వాంగ్మూలం ఏమిటో మనకు తెలుసు, కోలిన్ పుణ్యమా అని డార్నల్ అంతటికీ తెలుసు. పందొమ్మిదో ఏట, పక్షవాతంతో నోరు పడిపోయిన తండ్రి మంచం పక్కన ఆమె ఒక్కతే ఉంది. అన్న రంగస్వామి కూరగాయల బండితో డర్బన్ మార్కెట్‌కు వెళ్ళాడు. ఆఫీసరు కాగితం తెచ్చి, ఇవాళ వేలిముద్ర పడితే కొత్త కాలనీలో ఇల్లు, పడకపోతే రోడ్డు అన్నాడు. ఎల్సీ తండ్రి బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచి కాగితం మీద అదిమింది. పదకొండు ఎకరాలు. ఎనిమిది రోజుల తరువాత ఆయన పోయాడు. నాన్నే ఇష్టపడి వేశాడని ఆమె అందరికీ చెప్పింది. ముప్పై ఏళ్ళుగా కుటుంబం ఆ ముసలాయన్ని తిట్టుకుంటూనే ఉంది. ఇష్టపడి అమ్మిన భూమి తిరిగి రాదని వకీలు చెప్పాకనే ఎల్సీ నోరు విప్పింది. అది కూడా, విచారణ రోజు దాకా ఎవరికీ తెలియకూడదని, తన కోడలు తప్ప ఎవరూ టైపు చెయ్యకూడదని మాట తీసుకుని.

“డేజీ ఆ టైపు మిషన్ ముందు కూర్చుని ఏడ్చింది,” అంది ఎల్సీ చివరికి. “నా మాట కొట్టుకుంటూ ఏడ్చింది. మా, నువ్వు అప్పుడు చిన్నపిల్లవి అంది. అదే పిల్లను ఈ వంటింట్లో నిలబెట్టి, నువ్వు తప్ప ఎవరికి తెలుసే అని అడిగాను. బైబిలు మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టింది. అప్పుడు కూడా నమ్మలేదు నేను. ఎందుకు నమ్మలేదు? పెద్ద చదువు చదివిన అమ్మాయి రాసిచ్చింది కదా, అసాధ్యం అని.”

శ్రీలేఖ కళ్ళు తుడుచుకుంది.

“ఏడవబోకండి. మీరు ఏడిస్తే నేను ఓదార్చాలి. నాకు అంత తీరిక లేదు.” ఎల్సీ చటుక్కున తలెత్తింది. “ఆగండి. ఆ మిషన్ ఇప్పుడు ఎక్కడుంది?”

“ఉమ్‌హ్లాలిలో.”

“నడుస్తోందా?”

శ్రీలేఖ చూపు టీ కప్పు మీదికి దించింది.

“నడుస్తోందా అంటున్నాను!”

“ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు… ముందు మీతో చెప్పుకుని, సోమవారం ఆఫీసులో…”

“ఏమే!”

ఆ ఒక్క మాటతో పొద్దుటి ఇంగ్లీషు గోడ కూలిపోయింది. “ఏమే మొద్దు మొకందానా! లైబ్రరీ పన్నెండింటి దాకా తెరిచుంటది. శనివారం! ఊరంతా అక్కడ లైను కట్టి ఉంటారు. ఇంకెంతమంది కడుపులో మాట ఇంకెంతమంది చేతిలో పడాలి నీకు? నీ గుండె తేలిక చేసుకోను నా దగ్గరికి వచ్చావా? టీ తాగను వచ్చావా? లే! ఫోను అదిగో. లే పాడు పిల్లా!”

ఫోను హాల్లో, లేసు గుడ్డ కప్పిన చిన్న బల్ల మీద ఉంది. శ్రీలేఖ వేళ్ళు రెండుసార్లు తప్పు నంబరు తిప్పాయి. మూడోసారి ఉమ్‌హ్లాలి ఆఫీసు కాపలాదారు వాసీ ఎత్తాడు. రొట్టె నములుతున్నట్టున్నాడు.

“వాసీ, నేను శ్రీలేఖని. కంప్యూటరు గదిలోకి వెళ్ళు. కిటికీ పక్కనున్న మిషన్ ఆపెయ్.”

“ఆపాలా? మేడమ్, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని మీరే కదా కాగితం అంటించారు. బొద్దక్షరాలతో.”

“నేనే చెప్తున్నాను. స్విచ్ కాదు. గోడకున్న ప్లగ్గు పీకెయ్.”

“ప్లగ్గా? అయ్యో, పాడైపోతుందేమో…”

“పాడైతే అవనీ. పీకు.”

చెప్పుల చప్పుడు దూరమై, మళ్ళీ దగ్గరైంది. “పీకేశాను. లైట్లు పోయాయి దానికి. లైబ్రరీలవాళ్ళు ఫోను చేస్తే ఏం చెప్పను మేడమ్? మిషన్ చెడిపోయింది అననా?”

“ఆఁ, మిషన్…” అంటూ శ్రీలేఖ తల తిప్పింది. గుమ్మానికి ఆనుకుని ఎల్సీ, చేతులు కట్టుకుని చూస్తోంది.

“కాదు వాసీ. మిషన్ బాగానే ఉంది. శ్రీలేఖ తప్పు రాసింది, ఒకరి కాగితాలు ఒకరికి పోతున్నాయి, అందుకని ఆపేసింది అని చెప్పు.”

అవతల నమలడం ఆగింది.

“అలాగే చెప్పనా? మీ పేరుతోనే?”

“నా పేరుతోనే.”

ఫోను పెట్టేశాక ఆమెకు వేణుగోపాలరావు ముఖం గుర్తొచ్చింది. తెనాలి మనిషి. తన కంపెనీ పేరు మీద ఉద్యోగ పర్మిట్టు తెప్పించి ఆమెను ఈ దేశానికి తెచ్చినవాడు. ఈ పాటికి డర్బన్ పక్కన ప్రాస్పెక్టన్‌లో ఏదో ఫ్యాక్టరీ మేనేజరుకు ఇదే సర్వరు గొప్ప చెబుతూ ఉంటాడు. ఆ పర్మిట్టు ఆయన కంపెనీలో ఉన్నన్నాళ్ళే. వాసీ చెప్పే మాట మధ్యాహ్నానికల్లా ఆయన చెవిన పడుతుంది. పడనీ అనుకుంది.

“ఇంకా ఒకటి ఉంది,” అంది ఎల్సీ. రిసీవరు తానే ఎత్తి, చూడకుండానే నంబరు తిప్పింది. టొంగాట్‌లో డేజీ పుట్టింటి నంబరు. మూడు వారాల్లో ఎన్నిసార్లు సగం తిప్పి పెట్టేసిందో ఆ వేలికే తెలియాలి. అవతల ఎవరో ఎత్తగానే, “డేజీని పిలవండి. కాదు, నేను కాదు మాట్లాడేది,” అని రిసీవరును శ్రీలేఖ చేతిలో పెట్టేసింది.

“హలో?” డేజీ గొంతు సన్నగా ఉంది.

“డేజీ, నేను శ్రీలేఖని. అత్త ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. నువ్వేం తప్పూ చెయ్యలేదు. అదంతా నేను రాసిన ప్రోగ్రాములో…” ఈసారి చెప్పడం తేలికవుతుందనుకుంది. కాలేదు. పోస్టాఫీసు పెట్టెల దగ్గర ఒకసారి తడబడింది, సోమవారం దగ్గర ఇంకోసారి.  “డేజీ? వింటున్నావా?”

“వింటున్నాను.”

“నన్ను తిట్టు. ఏదో ఒకటి అను.”

“శ్రీ, నీకొకటి చెప్పనా?” డేజీ నెమ్మదిగా అంది. “నేనే చేశాననుకున్నాను.”

“ఏంటి?”

“మొదటి వారం, చెయ్యలేదు చెయ్యలేదు అని ఏడ్చాను. తరువాత ఆలోచించాను. కంప్యూటరు తప్పు చెయ్యదట. ‘మా’ ఎవరికీ చెప్పలేదు. మరి మిగిలింది నేనే కదా? అయితే నేనే ఎక్కడో చేసుంటాను. ఆ కాగితం టేబులు మీద వదిలేసి టీకి వెళ్ళానేమో. బస్సులో సంచి తెరిచుందేమో. నిద్రలో మాట్లాడానేమో. మా ఆయన నేథన్‌ను అడిగాను, నేను నిద్రలో మాట్లాడతానా అని. పోయిన ఆదివారం ప్రార్థనలో, దేవా, నేను చేసింది నాకు గుర్తు లేదు, అయినా క్షమించు అని అడిగాను. శ్రీ, చెయ్యని దానికి క్షమాపణ అడుక్కున్నాను.”

శ్రీలేఖ గోడకు ఆనుకుంది. ఉద్యోగం పోగొట్టింది, ఇల్లు పోగొట్టింది అనుకుంటూ వచ్చింది గానీ ఇది ఆమె లెక్కలో లేదు. ఆ పిల్లకు తన మీద తనకున్న నమ్మకం కూడా పోగొట్టిందా తను? రెండు వాక్యాలతో?

“సోమవారం పొద్దున్నే నేను సంస్థకు ఇంకో ఉత్తరం…”

“సోమవారమా?” డేజీ మొదటిసారి గొంతు పెంచింది. “నీ సోమవారాలు నాకొద్దు. ఆ ఉత్తరం ఎక్కడ చదివారో అక్కడే చెప్పు. రేపు ప్రార్థన అయ్యాక, అదే హాల్లో, ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ ఉంటారు. కోలిన్ ఉంటాడు. నీ మాటను నమ్మేట్టు ఏదైనా తీసుకురా. ఉత్త నోటిమాట నేనూ చెప్పాను. చెల్లలేదు.” ఆగింది. “‘మా’ ఉందా అక్కడ?”

“ఉంది.”

“తిన్నదా?”

శ్రీలేఖ రిసీవరును ఎల్సీ వైపు చాచింది. ఎల్సీ తీసుకుంది. చెవికి ఆనించుకుని, ఆప్రాన్ మీది మసి తుడుచుకుంది. తరువాత, “దుప్పట్ల మీద మసి పడింది. నువ్వుంటే ముందే తీసేదానివి. రా,” అని పెట్టేసింది.

అంతే. ఆ ఇంట్లో క్షమాపణ అంత పొడుగే ఉంటుంది కాబోలు.

ఎల్సీ ముక్కు తుడుచుకుని, “ఏదైనా తీసుకురా అంది కదా. ఏముంది నీ దగ్గర?” అంది.

“కోలిన్ ఆ రోజు అచ్చు తీసిన కాగితాలుంటే చాలు. వాటి మీద తేదీ, టైము ఉంటాయి. అతను పారేసుంటాడు…”

“పారేశాడు. నా కాళ్ళ దగ్గర పారేశాడు.” ఎల్సీ పడకగదిలోకి వెళ్ళి, నల్ల అట్ట బైబిలు తెచ్చింది. మధ్యలోంచి నాలుగు మడతలు పెట్టిన రెండు కాగితాలు తీసింది. “నేను మళ్ళీ చూడలేదు. మొదటిదే అందరూ చూసింది. రెండో దాని మీద ఏమీ లేదంట, అంతా పిచ్చి గీతలంట.”

శ్రీలేఖ మొదటి కాగితాన్ని పక్కన పెట్టేసింది. అందులో ఎల్సీ మాటలున్నాయి, చదవకూడదు. రెండోది విప్పింది. నిజమే, పిచ్చి గీతలే. ప్రశ్నార్థకాలు, చుక్కలు, నల్ల గళ్ళు, విరిగిన అక్షరాలు, పై నుంచి కిందికి చీమల బారులా. మామూలు మనిషి రెండు వరుసలు చూసి వదిలేస్తాడు. శ్రీలేఖ వదల్లేదు. ఇది ఆమెకు వచ్చిన పని. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులో ఇలాంటి చెత్తే ఉంటుంది. సందు దాటాక ఇంకో పెట్టె మొదలవుతుంది.

మొదలైంది. కాగితం అడుగున, గీతల మధ్యలోంచి శుభ్రమైన అక్షరాలు. ముందు ఒక నంబరు. దాని మొదటి మూడు అంకెలు సంస్థవాళ్ళ స్టాంగర్ ఆఫీసువి; ఆ పొద్దున అక్కడివాళ్ళెవరో ఆ పేజీ తెరిచి ఉంటారు. డేజీ ఎన్నడూ అడుగు పెట్టని ఆఫీసు, డేజీ ఎన్నడూ టైపు చెయ్యని వాంగ్మూలం.

ఆమె గుండె ఒక్కసారి తేలికైంది. డేజీ నిర్దోషి అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? రేపు హాల్లో ఈ ఒక్క కాగితం ఎత్తి చూపిస్తే చాలు. ఆ సంతోషంలో నంబరు పక్కనున్న పేరూ, కిందున్న నాలుగు వరుసలూ కళ్ళు ఆపుకునే లోపే చదివేశాయి.

రంగస్వామి. ఎల్సీ అన్న. కోలిన్ తండ్రి. జూన్‌లో చనిపోయినవాడు. చనిపోయే ముందు తానూ ఎక్కడో ఒకచోట నోరు విప్పాడన్నమాట.

‘…ఆ రోజు నేను మార్కెట్‌కు వెళ్ళలేదు. ఇంటి వెనక అరటి తోటలో కూర్చున్నాను. ఆఫీసరును ఇంటికి పంపింది నేనే. నాన్న వేలు పట్టుకునే ధైర్యం నాకు లేదు. ఇంట్లో చెల్లెలు ఒక్కతే ఉంటుందనీ, అది భయపడి వేయిస్తుందనీ నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా దాని ముఖం చూసి…’

అక్కడితో కాగితం అయిపోయింది.

కిటికీ అవతల మసి రేకులు రాలుతూనే ఉన్నాయి. శ్రీలేఖ కాగితాన్ని ఛాతీకి ఆనించుకుంది, అక్షరాలు లోపలికి ఉండేట్టు. ఈ కాగితం బయటికి వస్తే డేజీ తలెత్తుకుంటుంది. ఇదే కాగితం బయటికి వస్తే, చచ్చిపోయిన మనిషి తాళం వేసి పెట్టుకున్న మాట, అతని కొడుకు ముందు, చెల్లెలి ముందు, ఊరి ముందు పడుతుంది. ఎల్సీ మాట పడినట్టే. పంపింది అప్పుడు ప్రోగ్రాము. రేపు చేతులారా తనే.

“ఏమి పిల్లా, మొకం అట్లా అయ్యింది?” ఎల్సీ దగ్గరికి వచ్చింది. “ఉందా ఏమైనా? డేజీకి పనికొచ్చేది?”

“ఉంది అత్తా.”

“ఎవరిది?”

అబద్ధం చెప్పడానికి శ్రీలేఖకు ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో ఆమె చూపు గోడ మీది ఫోటో మీద పడింది. అందులో కూరగాయల బండి పక్కన ఒక యువకుడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు; ఫోటోకు ప్లాస్టిక్ పూలదండ వేసి ఉంది. చర్చికి మారిన ఇంట్లో ఆ దండ ఒక్కటే మిగిలింది, హిందువుగానే పోయిన అన్న కోసం.

ఎల్సీ ఆ చూపు వెంట తానూ చూసింది. ఫోటో నుంచి కాగితం వైపు, కాగితం నుంచి శ్రీలేఖ కళ్ళలోకి మెల్లగా తిరిగింది ఆమె చూపు.

“మా అన్నదా?” అంది చిన్నగా. తరువాత ఆప్రాన్‌కు చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని, ఆమె ఎదురుగా కూర్చుంది.

“నువ్వు చదువుతావా, నేను కళ్ళజోడు తెచ్చుకోనా?”